పాత జాంగో సైటును కొత్త వెర్షన్‌కి తేవడం ఎలా: 2.2 నుంచి 5.2 దాకా

ఆషాఢంలో కల్యాణమండపాలు ఖాళీగా ఉంటాయి. నాకు చేతినిండా పని ఉండేది అప్పుడే. 2019లో ఒక మండపం వాళ్లకు బుకింగుల కోసం జాంగో (పైథాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) 2.2 మీద చిన్న సైటు రాసిచ్చాను. తేదీలు, ముహూర్తాలు, అడ్వాన్సులు, రసీదులు అన్నీ అందులోనే. ఆ తర్వాత ఏళ్ల తరబడి దాని జోలికి ఎవరూ పోలేదు, నేను కూడా. మారుద్దామంటే ఓనరు గారిది ఒకటే మాట: "నడుస్తున్న బండిని ఎందుకు బాబూ ఆపడం?"

ఆయన బాధ అర్థం చేసుకోదగ్గదే. కానీ జాంగో 2.2కి సెక్యూరిటీ ఫిక్సులు 2022 ఏప్రిల్‌లోనే ఆగిపోయాయి. దాని కింద నడుస్తున్న పైథాన్ 3.6కి 2021 డిసెంబరులో, ఉబుంటు 18.04కి మామూలు సపోర్టు 2023 మేలో, డేటాబేసు మైఎస్‌క్యూఎల్ 5.7కి 2023 అక్టోబరులో గడువు తీరింది. జనం డబ్బు కట్టే సైటును అలా వదిలేయకూడదు. పెళ్లిళ్లు లేని నెల చూసుకుని మొదలుపెట్టాను.

మీ దగ్గరా ఇలాంటి పాత ప్రాజెక్టు ఉంటే ఏ వరసలో వెళ్లాలో, ఎక్కడెక్కడ కాలు జారుతుందో చెబుతాను. ఉదాహరణలన్నీ జాంగోవే. లారవెల్, రైల్స్ లాంటి వేరే ఫ్రేమ్‌వర్కుల వాళ్లకు పేర్లు మారతాయి గానీ చిక్కులు దాదాపు ఇవే. కమాండ్లు, సెట్టింగుల పేర్లు పలికినట్టే తెలుగులో రాశాను. కీబోర్డు ముందు కూర్చుంటే అసలు స్పెల్లింగు మీ వేళ్లకే గుర్తొస్తుంది.

ఏది ఏ వెర్షనో ముందు కాగితం మీద పెట్టండి

ఫ్రేమ్‌వర్క్ అప్‌గ్రేడ్ అంటే ఫైల్లో ఒక అంకె మార్చడమే అనుకుంటే మొదటి రోజే దెబ్బ తింటాం. జాంగో కింద పైథాన్ ఉంది, దాని కింద ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. పక్కన డేటాబేసు, దాని డ్రైవరు. పైన పదో ఇరవయ్యో లైబ్రరీలు. ఒక్కోటి మిగతావాటిలో ఏ వెర్షన్ల దాకా పొసగుతుందో దానికో హద్దు ఉంటుంది.

సర్వర్‌లోకి లాగిన్ అయ్యి, ప్రాజెక్టు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (దాని పైథాన్ లైబ్రరీలు విడిగా ఉండే ఫోల్డర్) పిప్ ఫ్రీజ్ (ఉన్న లైబ్రరీల వెర్షన్లు చూపే కమాండ్) కొట్టి, వచ్చినదంతా ఒక ఫైల్లో దాచండి. గిట్‌లో (కోడు మార్పులు దాచే చోట) ఉన్న రిక్వైర్‌మెంట్స్ ఫైలును, అంటే లైబ్రరీల జాబితాను, నమ్మొద్దు. మా ఫైల్లో రసీదుల పీడీఎఫ్ లైబ్రరీ ఒక వెర్షన్ అని ఉంది, సర్వర్‌లో చూస్తే ఇంకోటి. ఏదో పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రిపూట రసీదులు రావట్లేదని ఫోనొస్తే నేనే సర్వర్ మీద నేరుగా మార్చి, ఫైల్లో రాయడం మర్చిపోయాను. తర్వాత పిప్ చెక్ కూడా ఒకసారి నడపండి. లైబ్రరీల మధ్య ఇప్పటికే ఉన్న గొడవలు బయటపడతాయి. వాటిని ముందే తీర్చుకోకపోతే రేపు వచ్చే ఎర్రర్లలో ఏది పాతదో ఏది కొత్తదో తేల్చుకోలేరు.

రెండు బస్సులూ ఆగే స్టాపు వెతకండి

కాగితం మీద ఇప్పుడున్నవి రాశాక, వెళ్లాల్సిన దారి రాయండి. మాకు తేలింది ఇది:

జాంగో 2.2 – పైథాన్ 3.5 నుంచి 3.9 – మైఎస్‌క్యూఎల్ 5.6 ఆపైన
జాంగో 3.2 – పైథాన్ 3.6 నుంచి 3.10 – మైఎస్‌క్యూఎల్ 5.7 ఆపైన
జాంగో 4.2 – పైథాన్ 3.8 నుంచి 3.12 – మైఎస్‌క్యూఎల్ 8 ఆపైన
జాంగో 5.2 – పైథాన్ 3.10 నుంచి 3.13 – మైఎస్‌క్యూఎల్ 8.0.11 ఆపైన

(చివరి పైథాన్ అంకెలు ఆ సిరీస్‌లోని చివరి ప్యాచ్ వెర్షన్లకే వర్తిస్తాయి. ఉదాహరణకు 3.10 నడవాలంటే జాంగో 3.2.9 అయినా ఉండాలి. 5.2.8 నుంచి పైథాన్ 3.14 కూడా చేరింది.)

ఈ పట్టికను కాసేపు చూడండి. పైథాన్ 3.6 మీద జాంగో 3.2 దాకా వెళ్లొచ్చు, 4.2కి వెళ్లలేం. పైథాన్ 3.10 అయితే 3.2, 4.2, 5.2 మూడింటితోనూ నడుస్తుంది. అంటే బస్సు మారాల్సిన స్టాపు జాంగో 3.2. అక్కడ ఆగి, జాంగోను కదపకుండా పైథాన్‌ను 3.6 నుంచి 3.10కి, డేటాబేసును 5.7 నుంచి 8కి మార్చుకోవాలి. ఆ తర్వాత 4.2, ఆ తర్వాత 5.2. మీ అంకెలు వేరే ఉండొచ్చు, కానీ ఇలాంటి స్టాపు ఒకటి దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది. దొరక్కపోతే ఒకేసారి రెండు మార్చాల్సి వస్తుంది. ఆ పరిస్థితి ఉందో లేదో ముందే తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

2.2, 3.2, 4.2, 5.2 అని మాత్రమే ఎందుకు? ఇవి ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం సపోర్టు ఉండే) వెర్షన్లు, ఒక్కోదానికీ సుమారు మూడేళ్ల సపోర్టు. అదొక్కటే కారణం కాదు. జాంగోలో ఏదైనా తీసేయాలనుకుంటే కనీసం రెండు ఫీచర్ రిలీజుల పాటు హెచ్చరిక ఇచ్చి గానీ తీయరు. కాబట్టి 3.2 మీద ఒక్క డెప్రికేషన్ వార్నింగు (తీసేయబోతున్నామనే ఆ హెచ్చరిక) కూడా లేకుండా కోడు నడిస్తే, 4.2లో "ఆ ఫంక్షను లేదు" అనే రకం ఎర్రర్లు మీ కోడులోంచి రావు. 2.2 నుంచి తిన్నగా 5.2కి దూకితే ఆ హెచ్చరికలన్నీ మధ్యలో జారిపోయి, మిగిలేది ఎర్రర్లే. 3.2కి కూడా 2024 ఏప్రిల్‌తో సపోర్టు అయిపోయింది కదా అని అడగొచ్చు. అయిపోయింది. అది మజిలీ, కాపురం పెట్టే చోటు కాదు.

బ్యాకప్

డేటాబేసు డంపు (మొత్తం డేటా ఒక ఫైల్లోకి) తీయండి. అక్కడితో ఆగకుండా దాన్ని ఇంకో మెషీన్‌లో ఎక్కించి, పదిహేను నిమిషాలు కూర్చుని డేటా కళ్లతో చూడండి. మా డంపులో తెలుగు పేర్లన్నీ చక్కగా వచ్చాయి. రిమార్కుల కాలమ్‌లో మాత్రం జనం పెట్టిన దండం ఎమోజీలన్నీ ప్రశ్నార్థకాలైపోయాయి. కారణం, 5.7తో వచ్చే మైఎస్‌క్యూఎల్ డంప్ టూలు డిఫాల్టుగా యూటీఎఫ్8 అనే పాత క్యారెక్టర్ సెట్ వాడుతుంది. అందులో ఒక్కో అక్షరానికి 3 బైట్ల వరకే చోటు. తెలుగు అక్షరాలు 3 బైట్లలో ఒదుగుతాయి, ఎమోజీకి 4 కావాలి. డంపు కమాండ్‌లో డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అని చెబితే సరిపోయింది. తెలుగు బాగుంది కదా అని వదిలేసి ఉంటే ఆ దండాలన్నీ పోయేవి. పోతే పోనీ అనుకోవచ్చు, కానీ ఏది పోయిందో తెలియకుండా పోవడమే చికాకు.

టెస్టులు లేకపోతే

మా ప్రాజెక్టులో లేవు. చిన్న క్లయింటు పనుల్లో చాలాచోట్ల ఉండవు. అందుకని ఇప్పుడు మూడు నెలలు టెస్టులు రాస్తూ కూర్చోనక్కర్లేదు. ఒక్క ఫైలు చాలు: జాంగో టెస్ట్ క్లయింటుతో సైటులోని ప్రతి యూఆర్‌ఎల్‌నూ ఒకసారి తెరిచి, 200 (పేజీ సరిగ్గా వచ్చిందనే కోడు) వచ్చిందా అని చూసేది. లాగిన్ కాకుండా ఒకసారి, లాగిన్ అయ్యి ఒకసారి. దీంతో ప్రతి టెంప్లేటూ ఒకసారైనా రెండర్ అవుతుంది. ఇది ఎందుకు ముఖ్యమంటే, టెంప్లేట్ల లోపలి తప్పులు సర్వర్ స్టార్ట్ అయినప్పుడు కనబడవు, ఆ పేజీ తెరిచినప్పుడే కనబడతాయి. ఏడాదికోసారి తెరిచే ఆడిటింగ్ రిపోర్టు పేజీ ఏడాది తర్వాత పగిలితే ఎవరికి గుర్తుంటుంది?

దీనితో పాటు డబ్బుతో సంబంధం ఉన్న మూడు పనులకు (బుకింగ్, అడ్వాన్సు, క్యాన్సిల్ చేస్తే వాపసు) సరైన టెస్టులు రాయండి. మిగతావి కాగితం మీద లిస్టు పెట్టుకుని చేత్తో చూసుకున్నా నడుస్తుంది.

మొదటి మెట్టు: 2.2 నుంచి 3.2

ఇంకా పాత పైథాన్ మీదే ఉన్నాం. కొత్త బ్రాంచ్ తీయండి. ముందు 2.2 మీదే వార్నింగులు చూడాలి. పైథాన్ వీటిని మామూలుగా దాచిపెడుతుంది, అందుకే టెస్టులు నడిపేటప్పుడు పైథాన్‌కు హైఫన్ డబ్ల్యూ ఏ అనే ఆప్షను ఇవ్వాలి. మాకు తెర నిండా వందల లైన్లు దిగాయి. గుండె జారింది గానీ, ఒకేలా ఉన్నవాటిని కలిపి చూస్తే తొమ్మిదే రకాలు. వాటిలో కొన్ని మన కోడువి, కొన్ని లైబ్రరీలవి. మన కోడువి ముందు తీర్చేయండి. లైబ్రరీలవి పక్కన రాసుకోండి, వాటి సంగతి తర్వాత.

ఈ మెట్టులో తగిలేవి ఎక్కువగా పాత పైథాన్ 2 కాలపు అవశేషాలు. జాంగో యుటిల్స్ సిక్స్ అనే మాడ్యూలు 3.0లో తీసేశారు. టెంప్లేట్లలో లోడ్ స్టాటిక్‌ఫైల్స్ అని ఉంటే లోడ్ స్టాటిక్ అని మార్చాలి. ఇవి వెతికి మార్చే పనులు, సాయంత్రానికి అయిపోతాయి. జాంగో అప్‌గ్రేడ్ అనే కమాండ్‌లైన్ టూలు ఉంది. టార్గెట్ వెర్షన్ చెబితే పైథాన్ ఫైళ్లలో ఇలాంటివాటిని చాలామటుకు అదే తిరగరాస్తుంది. టెంప్లేట్లు మాత్రం మీరే చూసుకోవాలి. టూలు చేసిన మార్పును వేరే కమిట్‌గా ఉంచండి, మీ చేతి మార్పులతో కలపొద్దు.

ఈ మెట్టులో రెండు గుంటలు ఉన్నాయి.

ఒకటి, 3.0లో ఎక్స్ ఫ్రేమ్ ఆప్షన్స్ (మన పేజీని ఇంకో పేజీ లోపల చూపొచ్చా అని బ్రౌజరుకు చెప్పేది) డిఫాల్టు సేమ్ ఆరిజిన్ నుంచి డినైకి మారింది. అదే డొమైన్ మీదున్న మండపం వాళ్ల పాత వెబ్‌సైటులో మా బుకింగ్ ఫారం ఒక ఐఫ్రేమ్‌లో (పేజీ లోపలి పేజీ) కనిపించేది. మార్పు తర్వాత అక్కడ ఖాళీ పెట్టె. ఎర్రర్ లాగ్‌లో ఏమీ లేదు, ఎందుకంటే ఆపింది బ్రౌజరు, సర్వర్ కాదు.

రెండోది ఇంకా లోతైనది. 3.2కి రాగానే ప్రతి మోడల్ (ఒక్కో టేబులుకు కోడులో ఉండే రూపం) గురించీ డబ్ల్యూ042 అని వార్నింగు వస్తుంది: డిఫాల్ట్ ఆటో ఫీల్డ్, అంటే ఐడీ నంబర్లకు వాడే కాలమ్ రకం, ఏమిటో చెప్పమని. నెట్‌లో చాలామంది బిగ్ ఆటో ఫీల్డ్ పెట్టేయమంటారు. పెట్టి మేక్‌మైగ్రేషన్స్ కొడితే మీ ప్రతి టేబులు ఐడీ కాలమ్‌నూ మార్చే మైగ్రేషన్లు (డేటాబేసు ఆకారం మార్చే ఫైళ్లు) తయారవుతాయి. పెద్ద టేబుళ్ల మీద అది సైటును ఆపేసేంత సేపు పట్టొచ్చు. కొన్నిసార్లు బయటి లైబ్రరీల మోడళ్లకు కూడా మైగ్రేషన్ ఫైళ్లు తయారై, సైట్ ప్యాకేజెస్ ఫోల్డర్‌లో పడతాయి. అవి మీ గిట్‌లో ఉండవు. మీ ల్యాప్‌టాప్‌లో అంతా బాగుంటుంది, సర్వర్‌లో ఆ ఫైలే లేదంటుంది. పాత ప్రాజెక్టులకు నా సలహా: సెట్టింగుల్లో పాత ఆటో ఫీల్డే రాసి ముందుకు పదండి. బుకింగుల సంఖ్య 200 కోట్లు దాటే రోజు వస్తే అప్పుడు చూద్దాం.

ప్రతి మెట్టు చివరా మేక్‌మైగ్రేషన్స్‌ను చెక్, డ్రై రన్ ఆప్షన్లతో నడపండి. "మార్పులేమీ లేవు" అని రావాలి. వేరే ఏదైనా వస్తే ఎందుకు వచ్చిందో తేలే దాకా కదలొద్దు.

తర్వాత 3.2ను లైవ్‌లోకి పంపేయండి. బ్రాంచ్‌లోనే అన్ని మెట్లూ ఎక్కేసి ఒకేసారి విడుదల చేద్దామని మనసు పీకుతుంది, వద్దు. దీనికి సెషన్లు ఒక గట్టి కారణం. 3.1లో లాగిన్ సెషన్లను దాచే తీరు మారింది. 3.1, 3.2 వెర్షన్లు పాత తీరునూ చదువుతాయి, 4.0 చదవదు. సెషన్ గడువు డిఫాల్టుగా 2 వారాలు. 3.2 మీద ఆ 2 వారాలు ఉంటే పాత సెషన్లు వాటంతట అవే అయిపోతాయి. లేదంటే మారిన క్షణాన అందరూ ఒకేసారి బయటపడతారు. మండపం మేనేజరు గారు పాస్‌వర్డు మర్చిపోయే రోజు ఎలాగూ ఒకటి వస్తుంది, అది నేను సైటు మార్చిన రోజు కాకుండా ఉంటే చాలు.

స్టాపులో ఆగి: పైథాన్, డేటాబేసు, లైబ్రరీలు

పాత సర్వర్ మీదే ఆపరేటింగ్ సిస్టమ్‌ను అప్‌గ్రేడ్ చేయొద్దు. అది చేస్తే సిస్టమ్ పైథాన్ మారి వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లు చచ్చిపోతాయి, వెనక్కి దారి ఉండదు. ఒక నెల అదనపు అద్దె పోయినా సరే, పక్కన కొత్త సర్వర్ తీసుకోండి. ఉబుంటు 22.04లో పైథాన్ 3.10 దానితోనే వస్తుంది, మైఎస్‌క్యూఎల్ 8.0 కూడా. రెండూ ఒకేసారి మార్చేయాలని చెయ్యి దురదపెడుతుంది. నేను ముందు కోడును మాత్రమే కొత్త సర్వర్‌కి తెచ్చి, డేటాబేసును పాత సర్వర్‌లోనే ఉంచి మూడు రోజులు నడిపాను. నాలుగో రోజు డేటాబేసు తెచ్చాను. ఏదైనా చెడితే దేని వల్ల చెడిందో వెతికే పని ఉండదు.

ఆటోమేటిక్‌గా టెస్టులు నడిపే యామల్ ఫైలు ఉంటే ఒక తమాషా జాగ్రత్త. అక్కడ పైథాన్ వెర్షన్ 3.10 అని కోట్లు లేకుండా రాస్తే దాన్ని దశాంశ సంఖ్యగా తీసుకుని 3.1 అనుకుంటుంది. కోట్లు పెట్టండి. ఇది నాకు ఒక మధ్యాహ్నం ఖర్చు.

పైథాన్ 3.10లో పాత లైబ్రరీలు పగిలేది ఎక్కువగా ఒక్క చోటే: కలెక్షన్స్ మాడ్యూలులోంచి మ్యాపింగ్, కాలబుల్ లాంటివి తిన్నగా తెచ్చుకునే చోట. 3.10 నుంచి అవి కలెక్షన్స్ ఏబీసీలోనే ఉంటాయి. ఈ ఎర్రర్ ఏ లైబ్రరీలోంచి వస్తే దాన్ని చాలాకాలంగా ఎవరూ పట్టించుకోలేదని అర్థం.

ఇప్పుడు ఆ లైబ్రరీల చీటీ తీయండి. పైపీఐలో (పైథాన్ లైబ్రరీలు దొరికే సైటు) ఒక్కోదాని పేజీ పక్కన ఏ జాంగో, ఏ పైథాన్ వెర్షన్లకు పనికొస్తుందో రాసి ఉంటుంది. దాన్ని సగమే నమ్మి, ఛేంజ్‌లాగ్ చదవండి. మా వాటిలో కొన్ని అంకె మారిస్తే చాలు నడిచాయి, వాటి గురించి చెప్పేదేమీ లేదు. కొన్ని బతికే ఉన్నాయి గానీ మాట మార్చాయి. పైజేడబ్ల్యూటీ 2.0 నుంచి ఎన్‌కోడ్ ఫంక్షను బైట్లు కాక తిన్నగా స్ట్రింగే ఇస్తుంది. పాత కోడులో దాని వెనక డీకోడ్ అని తగిలించి ఉంటాం, అది ఇప్పుడు ఎర్రర్. ఇది పైథాన్ 3.6 మీద కూడా నడుస్తుంది కాబట్టి ముందే మార్చుకోవచ్చు. క్రిస్పీ ఫారమ్స్ 2.0లో బూట్‌స్ట్రాప్ టెంప్లేట్లు వేరే ప్యాకేజీలుగా విడిపోయాయి. అవి ఇన్‌స్టాల్ చేసి, ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో చేరిస్తేనే ఫారాలు కనిపిస్తాయి. దానికి పైథాన్ 3.7 అయినా కావాలి, అందుకే దాని వంతు ఈ స్టాపులోనే.

ఇక చచ్చిపోయినవి. మేం వాడిన ఒక క్యాలెండర్ విడ్జెట్‌ను రాసినవాళ్లు ఎప్పుడో వదిలేశారు. దానికోసం ఫోర్కులు (ఇంకెవరైనా కాపీ చేసి కొనసాగిస్తున్నవి) వెతుకుతూ ఒక పూట గడిపాను. చివరికి చూస్తే మేం వాడేది అందులో ఎనభై లైన్లు. లైసెన్సు ఒప్పుకుంటుందని చూసుకుని, ఆ ఎనభై లైన్లనూ మా ప్రాజెక్టులోకే తెచ్చి పెట్టుకున్నాను. చిన్నదైతే ఇదే మేలు. పెద్దదైతే మాత్రం, దాని మీద ఎంత కోడు ఆధారపడిందో లెక్కేసుకుని ప్రత్యామ్నాయం వెతకాల్సిందే.

మైఎస్‌క్యూఎల్ 8కి మారేటప్పుడు, జాంగో ద్వారా వెళ్లే క్వెరీలకు ఇబ్బంది తక్కువ, ఎందుకంటే కాలమ్ పేర్లకు అదే కోట్లు పెడుతుంది. మీరు చేత్తో రాసిన ఎస్‌క్యూఎల్ ఉంటే వెతకండి. ర్యాంక్, గ్రూప్స్ అనే మాటలు 8లో రిజర్వ్‌డ్. మా రిపోర్టులో ర్యాంక్ అనే కాలమ్ ఉంది, అది అక్కడే ఆగిపోయింది.

వెర్షన్లు బిగించేటప్పుడు ఒక చిన్న గుర్తు విషయంలో జాగ్రత్త. ఏదైనా లైబ్రరీకి టిల్డె, ఈక్వల్ కలిపి 4.2 అని రాస్తే 4.2 నుంచి 5.0 లోపు ఏదైనా రావచ్చు. 4.2.0 అని రాస్తేనే 4.2 సిరీస్‌లో మాత్రమే కదులుతుంది. ఒక్క సున్నా తేడా.

రెండో మెట్టు: 4.2

వార్నింగులు తీర్చుకుని వస్తే కోడు వైపు ఇది తేలికే: యూగెట్‌టెక్స్ట్ స్థానంలో గెట్‌టెక్స్ట్, పాత యూఆర్‌ఎల్ ఫంక్షను స్థానంలో రీపాత్, రిక్వెస్ట్‌లో ఈజ్ అజాక్స్ తీసేసి హెడర్ చూసుకోవడం, టెంప్లేట్లలో ఇఫ్‌ఈక్వల్ బదులు మామూలు ఇఫ్. అసలు దెబ్బ టెస్టులకు కనబడని చోట తగులుతుంది.

మాకు టెస్టులన్నీ పచ్చగా వచ్చాయి. ల్యాప్‌టాప్‌లో లాగిన్ అయింది. స్టేజింగ్ సర్వర్‌లో (లైవ్‌కు ముందు సరిచూసుకునే చోట) మాత్రం లాగిన్ బటన్ నొక్కగానే 403, అంటే అనుమతి లేదు. 4.0 నుంచి సీఎస్ఆర్ఎఫ్ తనిఖీలో (వేరే సైటు దొంగచాటుగా పంపే ఫారాలను ఆపేది) బ్రౌజరు పంపే ఆరిజిన్ హెడర్‌నూ పోల్చి చూస్తుంది. మా సర్వర్‌లో హెచ్‌టీటీపీఎస్ ముందున్న ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ దగ్గరే ముగుస్తుంది, లోపల జాంగోకు మామూలు హెచ్‌టీటీపీలా కనిపిస్తుంది. రెండూ కలవలేదు, తలుపు వేసేసింది. జాంగో టెస్ట్ క్లయింటు డిఫాల్టుగా సీఎస్ఆర్ఎఫ్ తనిఖీ చేయదు కాబట్టి టెస్టులకు ఇది దొరకదు. మందు: సీఎస్ఆర్ఎఫ్ ట్రస్టెడ్ ఆరిజిన్స్‌లో మీ డొమైన్ పేరును ముందు హెచ్‌టీటీపీఎస్ స్కీముతో సహా రాయడం. పాతకాలంలో ఉత్త డొమైన్ పేరు చాలేది, ఇప్పుడు చాలదు. ప్రాక్సీ హెడర్ సెట్టింగు కూడా సరిచూసుకోండి.

పేమెంటు పాపప్‌లో జరిగితే ఇంకోటి చూడాలి. 4.0 నుంచి క్రాస్ ఆరిజిన్ ఓపెనర్ పాలసీ సేమ్ ఆరిజిన్‌గా వెళ్తుంది. అంటే పాపప్ కిటికీకీ దాన్ని తెరిచిన పేజీకీ సంబంధం తెగిపోతుంది. కస్టమరు డబ్బు కడతారు, పాపప్ మూసుకుంటుంది, అసలు పేజీ మాత్రం ఇంకా చక్రం తిప్పుతూనే ఉంటుంది. సేమ్ ఆరిజిన్ అలౌ పాపప్స్ అని మారిస్తే కుదురుకుంది. స్టేజింగ్‌లో ఒక రూపాయి పేమెంటు నిజంగా చేసి చూడండి.

సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ లాంటి స్టాటిక్ ఫైళ్లకు మ్యానిఫెస్ట్ స్టోరేజీ (ఫైలు పేరుకు హ్యాష్ అనే గుర్తు తగిలించేది) వాడుతుంటే కలెక్ట్‌స్టాటిక్ ఒక మ్యాప్ ఫైలు లేదని ఆగిపోవచ్చు. మినిఫై చేసిన జావాస్క్రిప్ట్ చివర సోర్స్ మ్యాప్ కామెంటు ఉంటుంది, 4.0 నుంచి జాంగో దాన్నీ చదువుతుంది. ఆ మ్యాప్ ఫైలు తెచ్చి పెట్టండి, లేదా ఆ కామెంటు లైను తీసేయండి.

మూడో మెట్టు: 5.2, ఒక ముహూర్తం కథ

5.0 నుంచి లాగ్ అవుట్ లింకు పని చేయదు, పోస్ట్ రిక్వెస్టుగా రావాలి. లింకు తీసి చిన్న ఫారం పెట్టండి. స్టాటిక్‌ఫైల్స్ స్టోరేజ్ అనే పాత సెట్టింగును 5.1లో తీసేశారు. ఎర్రర్ రాదు, ఊరికే పట్టించుకోదు. దాంతో ఫైళ్ల పేర్లలో ఉండే హ్యాష్ మాయమై, జనం బ్రౌజర్లలో పాత సీఎస్ఎస్ ఉండిపోతుంది. దాన్ని స్టోరేజెస్ అనే కొత్త సెట్టింగులోకి మార్చండి.

ఇక అసలు కథ. 4.2 మీద ఉండగానే ఒక వార్నింగు వచ్చింది: యూజ్ టీజెడ్ (టైమ్‌జోన్లు లెక్కలోకి తీసుకోవాలా అనే సెట్టింగు) డిఫాల్టు 5.0లో ఫాల్స్ నుంచి ట్రూ అవుతుందని. 2019లో ఈ లైను అక్కర్లేదని సెట్టింగుల్లోంచి తీసేసింది నేనే. వార్నింగు చూసి కూడా "తర్వాత చూద్దాంలే" అనుకున్నాను. 5.2 స్టేజింగ్‌లో పాత బుకింగ్ ఒకటి తెరిస్తే, ఉదయం 10:30 ముహూర్తం సాయంత్రం 4:00 అని చూపిస్తోంది. సరిగ్గా ఐదున్నర గంటలు. మైఎస్‌క్యూఎల్‌లో మన టైమే ఉన్నదున్నట్టు దాగి ఉంది, కొత్త డిఫాల్టు దాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుని, దానికి ఐదున్నర గంటలు కలిపి చూపింది. పోస్ట్‌గ్రెస్ వాడేవాళ్లకు ఈ చిక్కు రాదు, అక్కడ టైము ముందే యూటీసీలోకి మారి నిల్వ ఉంటుంది.

రెండు దారులున్నాయి. పాత డేటా అంతా యూటీసీకి మార్చి, ట్రూ పెట్టుకుని, మైఎస్‌క్యూఎల్‌లో టైమ్‌జోన్ పట్టికలు కూడా ఎక్కించుకోవడం ఒకటి. సెట్టింగుల్లో యూజ్ టీజెడ్ ఫాల్స్ అని స్పష్టంగా రాసేయడం రెండోది. కొత్త ప్రాజెక్టు అయితే నేను మొదటిదే చేస్తాను. ఇక్కడ రెండోది చేశాను. డాలస్ నుంచి బుక్ చేసేవాళ్లున్నా, ముహూర్తం మండపం ఉన్న ఊరి టైముకే కదా.

ఇలాంటివి పట్టుకోవడానికి ఒక మొరటు పద్ధతి బాగా పనికొచ్చింది. అప్‌గ్రేడ్‌కు ముందు ఒక ఇరవై పాత రసీదులు పీడీఎఫ్ చేసి దాచుకోండి. ప్రతి మెట్టు తర్వాత అవే ఇరవై మళ్లీ తీసి పక్కపక్కన పెట్టి చూడండి. టైములు, మొత్తాలు, కామాలు, తెలుగు పేర్లు. 200 వచ్చిందని సంతోషించే టెస్టు ఈ తప్పును ఎప్పటికీ పట్టేది కాదు.

లైవ్‌లో పెట్టే రోజు

అర్ధరాత్రి వద్దు. నిద్ర కళ్లతో రోల్‌బ్యాక్ చేయడం కంటే, పొద్దున్నే ఆరింటికి టీ తాగి మొదలుపెట్టడం మేలు. పాత కోడు, పాత వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ వేరే ఫోల్డర్‌లో అలాగే ఉంచండి. వెనక్కి రావాలంటే సింబాలిక్ లింకు మార్చి సర్వీసు రీస్టార్ట్ చేస్తే చాలేలా ఉండాలి. ఆ మెట్టులో నడిచే మైగ్రేషన్లు పాత కోడునూ బతకనిచ్చేవేనా అని ముందు రోజే చూసుకోండి. కాలమ్ వెడల్పు పెంచేవి, కొత్త కాలమ్ ఖాళీగా చేర్చేవి ఫరవాలేదు. కాలమ్ తీసేసే మైగ్రేషన్ ఏదైనా ఉంటే దాన్ని వారం తర్వాతకు వాయిదా వేయండి.

మొదటి రెండు గంటలు ఎన్‌జిన్‌ఎక్స్ లాగ్‌లో 403, 405, 500 అంకెల మీద కన్నేసి ఉంచండి. మాకు 405 (ఈ పద్ధతిలో తెరవకూడదనే కోడు) రెండు వచ్చాయి. మేనేజరు గారి ఫోన్లో బుక్‌మార్క్ చేసి ఉన్న పాత లాగ్ అవుట్ లింకు అది. "సైటు నుంచి బయటికి రానివ్వట్లేదయ్యా" అని ఫోన్ చేశారు. బుక్‌మార్క్ తీయించాను.

పాత సర్వర్‌ను శ్రావణం మొదలయ్యే దాకా ఆపి ఉంచి, అప్పుడు తీసేశాను. పైథాన్ 3.10కి 2026 అక్టోబరు దాకానే గడువు. జాంగో 5.2 పైథాన్ 3.12 మీద కూడా నడుస్తుంది కాబట్టి ఈసారి కదిలేది ఒక్కటే. ఇంట్లో పంచాంగంలో వచ్చే ఆషాఢం దగ్గర పెన్సిల్‌తో "3.12" అని రాసి పెట్టాను. మా ఆవిడ అదేదో తిథి అనుకుంది.